ముప్పై ఎనిమిది మందీ, కింద ఒక సంతకమూ

ఇదొక వీరగాథ. ఇందులో ఒక కోట ఉంది. కోటకి ఒక కాపలాదారు ఉన్నాడు. బయట శత్రువులున్నారు, లోపల ముప్పై ఎనిమిది మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. చివర్లో ఒక నమ్మకద్రోహం కూడా ఉంది.

కాదులెండి. కోట అంటే ఖతర్‌లో, అల్ ఘర్రాఫాలో విల్లాల మధ్య ఖాళీగా పడున్న ఒక ప్రహరీ స్థలం, అందులో తొమ్మిది గుడారాలు, రెండు పోర్టా క్యాబిన్లు. శత్రువులంటే ఇరుగుపొరుగు. ప్రాణాలు ఎవరూ అరచేతిలో పెట్టుకోలేదు, ఫోన్లు పెట్టుకున్నారు. నమ్మకద్రోహం చేసింది నేను. అది కూడా కావాలని కాదు, ఏ4 కాగితం మీద. వీరుడి సంగతికొస్తే, ఆయన కమ్మి కట్టే మేస్త్రి. ఇలాంటివి మామూలుగా మనిషి పోయాక రాస్తారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఆయన నిక్షేపంగా ఉన్నాడు. రోజూ పొద్దున్నే నా ఫోనుకి గులాబీ పువ్వు బొమ్మ పంపిస్తాడు. శుక్రవారమైతే రెండు.

మరి ఇప్పుడెందుకు గుర్తొచ్చాడంటే, కారు. మొన్న నా పాత కారుని ఏటా చేయించే తనిఖీకి తీసుకెళ్ళాను. తనిఖీ చేసే అతను చక్రాలు చూశాడు, లైట్లు చూశాడు, వెనక్కి వెళ్ళి నంబర్ ప్లేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఎంతకీ లేవలేదు. ప్రార్థనేమో అనుకుని నేను కూడా కాసేపు మర్యాదగా నిలబడ్డాను.

"ఇదేంటి?" అన్నాడు హిందీలో.

"బైండింగ్ వైరు."

"స్క్రూలేవి?"

"వైరుంది కదా."

ప్లేటు పట్టుకుని గుంజాడు. ప్లేటు కదల్లేదు, కారు కదిలింది. "ఎవరు కట్టారిది?" అని అడిగాడు. అందులో తప్పుపట్టడం లేదు. పనివాడు ఇంకో పనివాడి గురించి అడిగినట్టు అడిగాడు. వెనక ఆరు కార్లు ఆగి ఉన్నాయి, ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాలేదు. ఇది ఆ జవాబు.

మాది కోనసీమ. లుసైల్‌లో ఒక ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే ఎవరో గీసిన డ్రాయింగులని ఎవరో సంతకం పెట్టాక ఎవరికో పంపిస్తాను. మధ్యలో నేనున్నట్టు ఎవరికీ తెలియకపోతే ఆ రోజు పని బాగా చేసినట్టు. ఒక శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక మా ఫెలోషిప్ పెద్ద, అంకుల్ అంటాం ఆయన్ని, లేచి నిలబడి "కంప్యూటర్లో లిస్టులు చెయ్యడం ఎవరికొచ్చు?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే నాకు చెవి దురద పెట్టింది. చెయ్యెత్తాననుకున్నారు.

సంగతేంటంటే, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ మూతపడింది. ఓనరు ఫోను ఎత్తడు. లేబర్ క్యాంప్‌కి తాళం పడింది. అందులో ఉన్నవాళ్ళంతా జగిత్యాల, కామారెడ్డి వైపు మనుషులు, పెట్టెలతో సహా రోడ్డు మీద నిలబడ్డారు. జీతాల కేసు కోర్టులో ఉంది, అది వేరే కథ, నాకు రాదు. టికెట్లు వచ్చేదాకా తలదాచుకోవడానికి ఎవరో దయగల మనిషి తన ఖాళీ స్థలం ఇస్తానన్నాడు. బలదియా, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, రెండు నెలలకి అనుమతి ఇచ్చింది. కష్టం ఎక్కడంటే, ఆ స్థలం కుటుంబాలుండే పేటలో ఉంది. అలాంటి చోట బ్యాచిలర్లు గుంపుగా ఉండకూడదు. భార్య పక్కన లేని మగాడెవడైనా ఇక్కడ బ్యాచిలరే. మేస్త్రికి ఇద్దరు మనవలు, అయినా బ్యాచిలరే.

అందుకని అనుమతి కాగితంలో మూడు షరతులు రాశారు. లిస్టులో పేరున్నవాళ్ళే ఉండాలి. గేటు మూసే ఉండాలి, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆరింటికల్లా వెళ్ళిపోవాలి. చుట్టుపక్కల నుంచి ఫిర్యాదు వస్తే అనుమతి రద్దు. ఈ మూడిటినీ మేస్త్రి ఎవరిచేతో చదివించుకుని కంఠతా పట్టాడు. ఇంగ్లిషు చదవడం రాని మనిషి ఇంగ్లిషు కాగితాన్ని అంత గట్టిగా నమ్మడం నేనెక్కడా చూడలేదు. నేనైతే చదవగలను కాబట్టి ఏదీ నమ్మను.

మొదటిరోజు గేటు సందులోంచి నాకు ఒక కన్ను కనిపించింది.

"లిస్టుల పేరున్నదా?"

"లిస్టు తయారుచెయ్యడానికే వచ్చానండి."

"అంటే లేదన్నట్టు."

"లిస్టే లేదండి ఇంకా."

"లిస్టే లేనప్పుడు నీ పేరెట్లుంటది? జర ఆగు సారు."

లోపలికి వెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చాడు. నన్ను విజిటర్‌గా రాసుకున్నాడు. పేరు, వచ్చిన టైము, ఎవరి కోసం. మూడో గడిలో మీ కోసమే అని రాసుకోమన్నాను. రాసుకుని, "నేను పనిల ఉన్న, కూసో" అని వెళ్ళిపోయాడు.

యాభై ఐదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, మోచేతుల దగ్గర కాల్చిన ఇటుక రంగు. చొక్కా జేబులో బైండింగ్ వైరు చుట్ట, నడుముకి నిప్పర్. వైరుని మెలితిప్పి కొరికే పట్టకారు అది. కళ్ళద్దాలకి ఒకవైపు కాడ కంపెనీది, రెండోవైపు కాడ వైరుది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఏదో ఒకటి కడుతూనే ఉండేవి. ఆ తొమ్మిది గుడారాల తాళ్ళు, పళ్ళుతోముకునే బ్రష్షులు పెట్టుకునే డబ్బాలు, చెప్పుల స్టాండు, షరతుల బోర్డు, ఊడిపోయిన కుళాయి పిడి, అన్నీ వైరుతోనే నిలబడ్డాయి. వైరు తీసేస్తే ఆ శిబిరం మొత్తం కూర్చుండిపోయేది.

"రెండు సుట్లు, ఒక సగం," అనేవాడు. "మూడో సుట్టు ఏస్తివా, తెగుతది." ఇది ఆయన కమ్మి గురించే చెప్పాడో, లోకం గురించి చెప్పాడో నాకు ఇప్పటికీ అనుమానమే. చాయ్‌లో చక్కెరకీ అదే మాట, ఇద్దరు కొట్టుకుంటే విడదీయడానికీ అదే మాట. రెండో మాట "మంచిదే". కరెంటు పోయింది మేస్త్రీ అంటే, మంచిదే, ఫోన్లు పక్కన పెడతరు. కూరలో ఉప్పు లేదు అంటే, మంచిదే, బీపీ ఉన్నోళ్ళు తింటరు.

ఆయన్ని ఎదిరించి మాట్లాడేది గంగాధర్ ఒక్కడే. కామారెడ్డి దగ్గర కుర్ర తాపీ మేస్త్రి, నోటికి గేటు లేని మనిషి.

"మేస్త్రీ, పండుకున్నంక నన్ను సుత కట్టేస్తవా ఏంది?"

"ఉరికేటోన్ని కడతరు. నువ్వు లేసుడే కష్టం."

రోజూ పొద్దున ఏడింటికి లెక్క. అందరూ వరసగా నిలబడాలి. నిప్పర్‌తో ఒక్కొక్కడి భుజమ్మీద మెల్లిగా తడుతూ, పెదాలు కదపకుండా, చివరిదాకా నడిచేవాడు. "ముప్పై ఎనిమిది. మంచిదే." తర్వాత వీధి ఊడ్పించేవాడు. మా గోడ వెంబడి మాత్రమే కాదు, ఎదురు విల్లాల గేట్ల ముందు కూడా. విల్లాల డ్రైవర్లు వచ్చేసరికి వాళ్ళ కార్ల కింద తప్ప ఎక్కడా ఇసక ఉండేది కాదు. ఎవరు ఊడ్చారో వాళ్ళకి తెలియదు. ఉతికిన లుంగీలు విల్లాల వైపు గోడ మీద ఆరెయ్యకూడదు. మూలమీది బకాలాకి, అంటే కిరాణా కొట్టుకి, ఇద్దరికంటే ఎక్కువ వెళ్ళకూడదు. ఫోన్లో ఇంటివాళ్ళతో పోట్లాడాలంటే క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపేసుకుని పోట్లాడాలి.

లిస్టు తయారైంది. చక్కటి ఫారం, నేనే వేశాను. పైన గడులు, ముప్పై ఎనిమిది వరసలు. అడుగున ఒక పెట్టె: "శిబిర బాధ్యుడి సంతకం." ఆయన పేర్లు చెప్పాడు, నేను కొట్టాను. చివర్లో ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పెట్టెలో తెలుగులో సంతకం చేశాడు, ఒక్కో అక్షరం కమ్మి వంచినట్టు వంచి. బాగుందన్నాను. ఆ లిస్టు ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళింది. బలదియాకి, టికెట్లు వేసేవాళ్ళకి, శుక్రవారం బిర్యానీ పంపే మా చర్చివాళ్ళకి. ప్రతి శుక్రవారం బిర్యానీ ఒక పొట్లం తక్కువొచ్చేది. వండినవాళ్ళని అనుమానించాం. మేస్త్రి గంగాధర్ పొట్లంలో తినేవాడు.

ఇంతకీ ఆయనకి ఇంటికి వెళ్ళాలన్న తొందర ఎందుకో చెప్పాలి. చర్చి అంకుల్ అనుకున్నట్టు అది మనవల మీద బెంగ కాదు. స్లాబు.

ఊళ్ళో ఇల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి, పైన సెంట్రింగ్ చెక్కలు కొట్టి పెట్టారు. ఇంక కమ్మి కట్టి కాంక్రీటు పోయాలి. సాయంత్రం భార్య వీడియో కాల్ చేసేది. ఆమెకి ఖతర్ అన్నా, ఇంకో దేశం అన్నా ఒకటే.

"దుబాయ్‌ల ఎండలు ఎట్లున్నయి?"

"మంచిగున్నయి. గా మూలకు సూపెట్టు. ఆ మూల కాదే, బాత్రూం దిక్కు."

"ఫోన్ల ఏం కనబడ్తది నీకు?"

"పని కనబడ్తది."

"ఈడ పనోడే కనబడ్తలేడు," అని ఆమె ఫోను పెట్టేసేది.

నాతో అన్నాడొకసారి, "ఇరవై ఏండ్లాయె బిడ్డా. ఎన్ని బిల్డింగులకు కట్టిన్నో లెక్కలేదు. నువ్వు కూసునే ఆఫీసుకు సుత కట్టిన్నేమో. నేను కట్టిన స్లాబు కింద ఒక్కనాడు పండుకోలే. నా ఇంటి కమ్మి నేనే కడత. ఇంకోని చెయ్యి పడొద్దు."

"మీకంటే బాగా కడితేనో?"

"అందుకే పడొద్దంటున్న."

సెంట్రింగ్ చెక్కలు అద్దెవి. వాటి ఓనరుకి ఇంకో ఇంటి పని ఒప్పుకున్న గడువుంది. అది దాటితే విప్పుకుపోతాడు. ఆలోగా మేస్త్రి ఊరు చేరాలి. ఈలోగా ఇక్కడ ఫిర్యాదు రాకూడదు. ఆ రెండు నెలలూ ఆయన మీదున్న బరువు ఇదే.

ఫిర్యాదు వచ్చింది.

ఒక మధ్యాహ్నం బలదియా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నేను కూడా అక్కడే ఉన్నాను. మంచి మనిషే, ఫైలు తెరవడానికి ముందు నీళ్ళు అడిగి తాగాడు. పక్క విల్లా పెద్దాయన ఫోన్ చేశాడని హిందీలో అన్నాడు. మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు.

"ఏం సప్పుడు చేసినం సార్?"

"అదే ఫిర్యాదు. ఇంతమంది మగాళ్ళున్నారు, నెల నుంచి గోడవతల ఒక్క చప్పుడు లేదంట. వీళ్ళు లోపల ఏం చేస్తున్నారని అడుగుతున్నాడు."

నేను నవ్వాపుకోవడానికి చెప్పుల స్టాండు వైపు తిరిగాను. గంగాధర్ ఆపుకోలేదు. మేస్త్రి మాత్రం చాలా శ్రద్ధగా విన్నాడు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళాక జేబులోంచి వైరు తీసి, మెలితిప్పుతూ ఆలోచించి, డ్యూటీ వేశాడు. రోజుకి నలుగురు, అసర్, అంటే సాయంత్రప్పూట నమాజు, పిలుపు వినపడ్డాక గంటసేపు, పక్క విల్లా గోడ దగ్గర కుర్చీలేసుకుని మాట్లాడాలి. ముచ్చట డ్యూటీ. నోటుబుక్కులో గీతలు గీసి పేర్లు కూడా రాశాడు.

మొదటి బ్యాచ్ కూర్చుంది. నలుగురూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఫోటో దిగుతున్నట్టు.

"ఏం మాట్లాడాలె మేస్త్రీ?"

"గదే మాట్లాడుండ్రి. ఏం మాట్లాడాలని."

"అరే, నిన్న మాట్లాడితే క్యాబిన్లకు తోలితివి. ఇయ్యాల మాట్లాడకపోతే గులుగుతున్నవు," అన్నాడు నలుగురిలో ఒకడు.

"ఆఁ, గట్ల! జర గట్టిగ."

మూడో రోజుకి గొంతులు పెగిలాయి. ఏషియన్ టౌన్‌లో సినిమాకి పోయిన శుక్రవారం ఎవడి సీట్లో ఎవడు కూర్చున్నాడన్న దగ్గర మొదలై, ఎవడి పెళ్ళిలో ఎవడికి మాంసం ముక్క పడలేదన్న దాకా పోయింది. నాలుగో రోజు గేటు చప్పుడైంది. మేస్త్రి సందులోంచి చూసి వెనక్కి అడుగేశాడు. పక్క విల్లా పెద్దాయన. పాదాల దాకా తెల్లటి తోబు, చేతికర్ర. పాత తరం మనిషి కాబట్టి ఉర్దూ బాగానే వస్తుంది.

"ఏం మాట్లాడుకుంటున్నారు రోజూ?" అన్నాడు.

మేస్త్రికి అబద్ధం తయారుగా లేదు. "డ్యూటీ హై బాబా," అన్నాడు. "బాత్ కర్నే కా డ్యూటీ."

ముసలాయన కర్ర నేలకి కొట్టుకుంటూ నవ్వాడు. నవ్వు తగ్గాక ఒక కుర్చీ చూపించి, "నన్ను కూడా డ్యూటీలో వేసుకో," అన్నాడు. మేస్త్రి నోటుబుక్కు తెచ్చాడు. నేను హాస్యమనుకున్నాను. నిజంగానే రాసుకున్నాడు: విజిటర్, అసర్ తర్వాత, ముచ్చట కోసం. ఆ రోజు నుంచి ఆయన రోజూ వచ్చేవాడు. ఆయన ఇంటి గోడకి దారినపోయేవాళ్ళు తాగడానికి పెట్టిన చల్లనీళ్ళ కుళాయి ఉంది. చనిపోయిన భార్య పేరు మీద పెట్టించాడట. అది వదులై కారుతోంది. మేస్త్రి వెళ్ళి కట్టాడు. రెండు చుట్లు, ఒక సగం. కారడం ఆగింది. కుళాయి తిప్పడానికి మాత్రం కాస్త బలం కావాలి.

అప్పటికి నాకు ఒక ధీమా వచ్చింది. ఫిర్యాదు చేసినవాడే కుర్చీ వేసుకుని కూర్చున్నాక ఇంక ప్రమాదమేముంది? ప్రమాదం నా ప్రింటర్ లోంచి ఎప్పుడో బయటికి వచ్చేసిందని తెలియదు.

టికెట్లు వచ్చిన రోజు చర్చి అంకుల్, నేను కలిసి వెళ్ళాం. గుడారాల మధ్య అందరూ నిలబడ్డారు. నేను పేర్లు చదివాను. పేరు పేరుకీ ఈలలు. ముప్పై ఎనిమిదో పేరు గంగాధర్‌ది. వాడు గాల్లోకి ఎగిరి, కిందికి వచ్చేలోపల ఏదో తట్టినట్టు ఆగిపోయాడు.

"మేస్త్రి పేరేది?"

కాగితం తిప్పి చూశాను. వెనక ఖాళీ.

"నాది కింద ఉన్నది గద," అన్నాడు మేస్త్రి, పెట్టెలో సంతకం చూపించి.

ఈలలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం గురించి పక్క విల్లావాళ్ళు మళ్ళీ ఫోన్ చేసినా నేను తప్పుపట్టను. కాళ్ళ కింద నేల కదిలింది అని రాస్తారు ఇలాంటప్పుడు. నేల కదల్లేదు. నాకు చెమట పట్టింది, అంతే.

అంకుల్‌కి మాత్రం విషయం వేరేగా అర్థమైంది. "చూడండి! తన పేరు రాయించుకోకుండా తన మనుషుల్ని ముందు పంపించిన కాపరి ఈయన. ఇంతటి త్యాగం..." అని మొదలుపెట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మేస్త్రి నా చెవి దగ్గరికి వంగాడు.

"సారు ఏమంటుండు?"

"మీరు గొప్ప త్యాగం చేశారంటున్నారండి."

"ఎప్పుడు?"

అప్పుడే నేను గేటు పక్కన చూశాను. ఆయన పెట్టె. అందరికంటే ముందు సర్దిన పెట్టె, నిలువునా అడ్డంగా వైరుతో బిగించి, పేరు రాసిన అట్టముక్క దానికి వేలాడేసి ఉంది. త్యాగం చేసేవాడు పెట్టె సర్దుకోడు. అది చూశాక నాకు పారిపోవడానికి దారి లేకుండా పోయింది. ఆయన మహానుభావుడైతే నా తప్పు ఆ వెలుగులో కనపడేది కాదు. ఆయన ఇంటికి పోవాలనుకున్న మామూలు మనిషి, నేను మర్చిపోయాను.

మర్నాడు అందరూ వెళ్ళాక అడిగాను. "బాబాయ్ గారూ, పైన లైన్లో మీ పేరు రాయమని ఎందుకు చెప్పలేదు?"

"అటెండెన్స్ షీట్ల మేస్త్రి పేరు ఉంటదా బిడ్డా? ఇరవై ఏండ్లల ఒక్కనాడు లేదు. కింద సంతకం పెడితే ఆడున్నట్టే గద."

"మరి ఫ్లైట్ ఎలా ఎక్కుదామనుకున్నారు?"

"అందరెక్కినంక నేనెక్కుత అనుకున్న. కంపెనీ బస్సు అట్లనే ఎక్కుత."

ఇందులో తప్పు వెతికాను. నిజంగా వెతికాను, ఆయన వైపు ఒక చిన్న తప్పు దొరికినా నాకు ఉపశమనం. ప్రతిరోజూ పొద్దున మనుషుల్ని లెక్కపెట్టినవాడు తనని ఎలా వదిలేస్తాడు? కానీ అది ఆయన లెక్కలోనే లేని గడి. నేను ఆ పెట్టె గీసినప్పుడు నా లెక్కలోనూ లేదు.

మూడో రోజు ఇన్‌స్పెక్టర్ శిబిరం మూసెయ్యడానికి వచ్చాడు. "లిస్టు ప్రకారం ఇక్కడ ఎవరూ లేరు," అని టిక్కు పెట్టి, తలెత్తి, "ఇతనెవరు?" అన్నాడు. నేను ఆవేశంగా మాట్లాడాలని ఇంటి దగ్గరే నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకొచ్చాను. అవి అవసరం పడలేదు. మేస్త్రి నోటుబుక్కు తెరిచి చూపించాడు. ఆ రోజు పొద్దున తన పేరు తనే రాసుకున్నాడు. విజిటర్. ఎవరి కోసం అన్న గడిలో "తాళం".

"లిస్టుల లేనోడు విజిటరే గద సార్. ఆరింటికి పోతా."

"ఎక్కడికి?"

దానికి నోటుబుక్కులో గడి లేదు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. కొత్త లిస్టు ఇస్తే పది రోజులు పొడిగించవచ్చన్నాడు, పక్కింటివాళ్ళ అభ్యంతరం లేదని కాగితం కావాలన్నాడు. పక్కింటాయన అప్పటికే కుర్చీలో ఉన్నాడు, అసర్ అయింది కదా. మోకాలి మీద పెట్టుకుని అరబ్బీలో నాలుగు లైన్లు రాసిచ్చాడు. తర్వాత మా ఆఫీసులో చదివించాను: "ఇతను ఉన్నట్టే తెలియదు. అడిగితే మాట్లాడతాడు. నా కుళాయి బాగుచేశాడు. నాకు అభ్యంతరం లేదు."

కొత్త లిస్టు తెచ్చాను. ఒకటే వరస, అడుగున పెట్టె.

"రెండుసార్లు రాయాల్నా?"

"రెండుసార్లు రాయాలి."

వరసలో తన పేరు ఎవరిదో అడిగి రాస్తున్నట్టు రాశాడు. మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్తూ ఏడింటికి అటు వెళ్ళాను. ఖాళీ గుడారాల ముందు నిలబడి నిప్పర్‌తో తన భుజం తనే తట్టుకున్నాడు. "ఒకటి. మంచిదే." నన్ను చూసి సిగ్గుపడి వీధి ఊడవడానికి వెళ్ళాడు.

సెంట్రింగ్ ఓనరు ఆగలేదు. ఊళ్ళో ఇంకో మేస్త్రిని పెట్టారు. ఆ సాయంత్రం ముచ్చట డ్యూటీలో మేస్త్రి, ముసలాయన, నేను. భార్య ఫోను ఎత్తి పట్టుకుంది. అవతల ఎవడో వంగి చకచకా కడుతున్నాడు. మేస్త్రి ఫోను కళ్ళకి ఆనించుకుని చాలాసేపు చూశాడు. మూల చూపెట్టమన్నాడు. రెండో మూల. బాత్రూం దిక్కు.

"ఏమైంది?" అన్నాడు ముసలాయన.

"మేరా ఘర్."

"మబ్రూక్! శుభమే కదా, మరి ముఖం అలా ఉందేం?"

మేస్త్రి మంచిదే అంటాడని ఎదురుచూశాను. అనలేదు. "మంచిగ కడుతుండు," అన్నాడు మెల్లిగా. "రెండు సుట్లు, సగం."

టికెట్టు తొమ్మిదో రోజున వచ్చింది. ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను. దారంతా నా వెనక నంబర్ ప్లేటు టకటకలాడుతోంది. రెండు నెలలుగా అలాగే ఉంది, నాకు వినపడటం మానేసింది. ఆయన సిగ్నల్ దాటాక ఆపమన్నాడు. దిగి, వంగి, కట్టాడు. నేను పక్కన నిలబడి క్షమాపణ చెప్పాలనుకున్నాను. "బాబాయ్ గారూ, ఆ స్లాబు..." అన్నాను.

"ఇంక ఒక్క సుట్టు పడుతది దీనికి," అన్నాడు. మూడో చుట్టు వేశాడు. తెగలేదు.

దాని అర్థమేంటో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది. అడిగితే వైరు మందం ఎక్కువ అంటాడని అడగలేదు.

నిప్పర్ చేతిసంచిలో విమానం ఎక్కనివ్వరని చెప్పాను. వైర్ల సందులోంచి జిప్పు కొంచెం లాగి పెట్టెలోకి జారవిడిచాడు. ఇంటికెళ్ళాక తెలిసిందట, పెట్టె విప్పాలంటే నిప్పర్ కావాలి, నిప్పర్ పెట్టెలో ఉంది. చివరికి తన స్లాబు కట్టిన మేస్త్రి ఇంటికే పోయి అడిగి తెచ్చుకున్నాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "చాయ్ పోసిండు" అన్నాడు. అంతకంటే రాబట్టలేకపోయాను.

ఆయన చేరేసరికి కాంక్రీటు పోసి ఒక రోజు అయింది. మిగిలిన పని నీళ్ళు కట్టడం. స్లాబు మీద మడులు చేసి నీళ్ళు నింపి రోజూ తడపాలి. ఫోటో పంపించాడు. లుంగీ మడిచి, మడమ లోతు నీళ్ళలో, పైపు పట్టుకుని నిలబడ్డాడు. కింద గొంతు రికార్డు చేసి పెట్టాడు: "ఇరవై ఏండ్ల నుంచి కమ్మి కట్టుడే గాని నీళ్ళు కొట్టుడు ఒక్కనాడు చెయ్యలే బిడ్డా. మంచిదే. కాళ్ళకు సల్లగున్నది." మర్నాటి నుంచి గులాబీలు మొదలయ్యాయి.

నేను ఫారం మార్చాను. ఇప్పుడు అందులో వరసలన్నీ అయ్యాక, సంతకం పెట్టె పైన, ఇంకో వరస ఉంది: "సంతకం చేసినవారి పేరు కూడా ఇక్కడ రాయాలి." మా ఫెలోషిప్‌లో ఇప్పటికీ అదే ఫారం వాడుతున్నారు. ఆ ఒక్క వరస పెరగడం వల్ల పేజీ పట్టక, ఆ వరస, దాని కింది పెట్టె కూడా రెండో పేజీలోకి పోయాయి. ప్రింటు తీసేవాళ్ళు సాధారణంగా మొదటి పేజీ ఒక్కటే తీస్తారు.